పీఎఫ్ వడ్డీ హరామా అని అడిగేముందు ఒకసారి పే స్లిప్ చూడండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ శుక్రవారం పేజీలో మొన్న ఒక పాఠకుడు "నా పీఎఫ్ మీద వచ్చే వడ్డీ తీసుకోవచ్చా?" అని అడిగితే, వడ్డీ ఏ రూపంలో ఉన్నా హరామే (నిషిద్ధమే), దూరంగా ఉండండి అని రెండు వాక్యాల్లో జవాబు ముగించారు. జవాబు రాసినవారి నిజాయితీ మీద నాకు అనుమానం లేదు. వడ్డీ హరామ్ అన్న విషయంలో ముస్లిముల్లో గొడవే లేదు, ఖురాన్ రెండో సూరాలో (అధ్యాయంలో) 275 నుంచి 279 వరకు ఆయత్‌లు చదివితే అంత గట్టి హెచ్చరిక ఇంకే లావాదేవీ మీదా ఉన్నట్టు కనపడదు. కానీ ఆ పాఠకుడు అడిగింది వడ్డీ హరామా కాదా అని కాదు కదా. తన జీతంలోంచి తనను అడగకుండా కోసిన డబ్బు మీద, తను ఎప్పుడూ చేత్తో పట్టుకోని డబ్బు మీద, ఏడాదికోసారి పాస్‌బుక్‌లో పడే మొత్తం ఆ హరామ్ కిందికి వస్తుందా రాదా అని అడిగాడు. దానికి జవాబు రాలేదు.

నేను ఆదోనిలో పత్తి మిల్లుల అకౌంట్స్‌లో పనిచేసి రిటైరయిన మనిషిని. కార్మికుల పీఎఫ్ చలాన్లు రాయడమే నా పని. వడ్డీ తీసుకునేవాడు, ఇచ్చేవాడు, దాన్ని రాసేవాడు, ఇద్దరు సాక్షులు, అందరూ పాపంలో సమానమే అని సహీహ్ ముస్లిం అనే గ్రంథంలో హదీసు (ప్రవక్త మాట) ఉంది. "రాసేవాడు" అన్న మాట వినగానే నాలాంటివాడికి గుండెలో దడ పుడుతుంది. అందుకే ఉద్యోగంలో ఉన్నప్పుడే ఈ విషయం తెలిసినవాళ్లను అడిగి, దొరికింది చదివి తెలుసుకున్నాను. నేను ఆలిమ్‌ను (మతపండితుణ్ని) కాను, ఫత్వా (మతపరమైన తీర్పు) ఇచ్చే అర్హత నాకు లేదు. కానీ ఫత్వా ఇచ్చేవారికి పే స్లిప్ ఎలా ఉంటుందో, పే స్లిప్ ఉన్నవారికి ఫత్వా ఎలా ఉంటుందో చెప్పేవాళ్లు తక్కువ, ఆ మధ్యలో నిలబడి నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా గొడవ లేని సంగతి ఒకటి. పీఎఫ్‌లో మూడు రకాల డబ్బు ఉంటుంది: మన జీతంలోంచి కోసింది, యాజమాన్యం కలిపింది, ఆ రెండింటి మీద ఏటా చేరే వడ్డీ. మొదటి రెండూ హలాల్ (ధర్మసమ్మతం), అందులో ఏ పెద్దలకూ సందేహం లేదు. మన వాటా మన కూలి, యాజమాన్యం వాటా కూడా మన చాకిరీకి ఇచ్చిందే. మీ పేజీలో జవాబు చదివి యాజమాన్యం వాటా కూడా వదిలేయాలేమో అని అడిగినవాళ్లు మా మసీదు దగ్గర ఉన్నారు, అందుకే ఇంత విడమరచి చెప్తున్నా. తగువంతా మూడోదాని మీదే.

ఈ మూడోదాని మీద మన ఉపఖండంలో ఎక్కువమంది హనఫీ శాఖ ముఫ్తీలు (ఫత్వా ఇచ్చే పండితులు) ఆధారపడేది ముఫ్తీ ముహమ్మద్ షఫీ గారి (1897–1976) ఫత్వా మీద. ఆయన దేవ్‌బంద్ దారుల్ ఉలూమ్ మదర్సాలో ఫత్వా విభాగానికి పెద్దగా ఉండి, దేశ విభజన తర్వాత పాకిస్తాన్ వెళ్లారు. ప్రావిడెంట్ ఫండ్ జకాత్ (ఏటా ఇవ్వాల్సిన దానం) గురించీ వడ్డీ గురించీ విడిగా రాశారు. ఆయన వాదన సూటిగా ఉంటుంది. వడ్డీ అవ్వాలంటే నా సొంత డబ్బు నేను ఇంకొకరికి ఇచ్చి, దాని మీద ఇంత ఎక్కువ ఇవ్వాలని ఒప్పందం చేసుకోవాలి. తప్పనిసరిగా కోసిన పీఎఫ్‌లో ఆ డబ్బు నా చేతికి రానే లేదు, వచ్చేదాకా అది నా స్వాధీనంలోని ఆస్తి కాదు, ఇంకా అందని కూలి మాత్రమే. కాబట్టి చివర్లో యజమాని కోసినదానికి ఇంకొంత కలిపి ఇస్తే, అది కూలికి కలిపిన భాగమో బహుమానమో అవుతుంది. కాగితాల మీద దానికి వడ్డీ అని పేరు పెట్టినంత మాత్రాన షరియత్ దృష్టిలో అది సూద్ (నిషిద్ధమైన వడ్డీ) అయిపోదు. దేవ్‌బంద్ ఫత్వా విభాగం కూడా తప్పనిసరి పీఎఫ్ విషయంలో ఈ దారిలోనే జవాబిస్తూ వచ్చింది.

కానీ దీన్ని సగం విని పరిగెత్తేవాళ్లు చాలామంది. "ముఫ్తీ సాబ్ పీఎఫ్ వడ్డీ హలాల్ అన్నాడు" అని వాట్సాప్‌లో తిప్పుతారు. ముఫ్తీ షఫీ గారు అక్కడితో ఆగలేదు. ఉద్యోగి తన ఇష్టంతో కోయించుకున్నదానికి వేరే లెక్క పెట్టారు. ఉర్దూలో దీన్ని జబ్రీ, ఇఖ్తియారీ అంటారు, అంటే బలవంతపుది, మన ఇష్టం మీదది. ఇఖ్తియారీ డబ్బు మీద వచ్చేదానికి సూద్ పోలిక ఉంది, జనం దాన్ని సూద్ సంపాదనకు దారిగా వాడుకునే ప్రమాదం కూడా ఉంది, కాబట్టి దానికి దూరంగా ఉండాలి, వస్తే పేదలకు ఇచ్చేయాలి అన్నది వారి మాట. ఇంకో షరతు కూడా ఉంది. ఉద్యోగి తానే కోరి ఆ డబ్బును ఇన్సూరెన్స్ కంపెనీ లాంటి వేరే సంస్థకు అప్పజెప్పిస్తే, ఆ సంస్థ అతని తరఫున ఆ డబ్బు పట్టుకున్నట్టు లెక్క, అప్పుడు దాని మీద పెరిగేది సూదే.

ఇప్పుడు పే స్లిప్ చూద్దాం, ఎందుకంటే జబ్రీ, ఇఖ్తియారీ అన్న గీత మసీదులో చెప్పినంత తేలిగ్గా జీతం కాగితం మీద కనపడదు.

1952 నాటి పీఎఫ్ చట్టం ప్రకారం సాధారణంగా ఇరవై మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే చోట పీఎఫ్ ఉండాలి. బేసిక్, డీఏ కలిపి అందులో 12 శాతం ఉద్యోగి వాటా, అంతే యాజమాన్యం వాటా. యాజమాన్యం వాటాలో 8.33 శాతం పెన్షన్‌కు పోతుంది, మిగిలిన 3.67 శాతమే మన పీఎఫ్ ఖాతాలో పడుతుంది. అయితే ఈ చట్టానికి ఒక జీతం పరిమితి ఉంది, 2014 సెప్టెంబరు నుంచి అది 15,000 రూపాయలు. అంటే చట్టం బలవంతంగా కోయించేది 15,000 మీద 12 శాతం, నెలకు 1,800 రూపాయలు. ఈ 1,800 అన్న అంకె గుర్తుపెట్టుకోండి.

మా మిల్లు కార్మికుడి జీతం 12,000 అనుకుందాం. అతనికి పీఎఫ్ వద్దనే హక్కు లేదు. యజమానికి కూడా లేదు. ఇది అచ్చమైన జబ్రీ, ముఫ్తీ షఫీ గారి మాట ఇతనికి పూర్తిగా సరిపోతుంది. ఇతన్ని పట్టుకుని నీ పాస్‌బుక్‌లో హరామ్ ఉంది అని భయపెట్టడం నా దృష్టిలో అన్యాయం.

ఇక గచ్చిబౌలిలో ఉద్యోగం చేసే కుర్రాడిని తీసుకోండి. బేసిక్ 40,000. పన్నెండు శాతం అంటే 4,800 కట్ అవుతుంది. ఇందులో చట్టం అడిగింది 1,800. మిగతా 3,000 ఎవరు కోయమన్నారు? ఇక్కడే అసలు విషయం ఉంది. కొన్ని కంపెనీల్లో చేరినప్పుడే "1,800 కట్ చేయమంటారా, బేసిక్ మీద పూర్తి 12 శాతమా" అని ఫారం ఇచ్చి టిక్ పెట్టమంటారు. ఆ కుర్రాడు 12 శాతానికి టిక్ పెట్టి ఉంటే ఆ 3,000 తన ఇష్టంతో కోయించుకున్నదే, అది ఇఖ్తియారీ. ఇంకొన్ని కంపెనీల్లో అడగరు, అందరికీ పూర్తి బేసిక్ మీదే కోస్తారు, అది వాళ్ల ఉద్యోగ షరతు. అప్పుడు చట్టం బలవంతం చేయకపోయినా కంపెనీ బలవంతం చేసింది కాబట్టి జబ్రీ అనుకోవడమే నాకు సబబుగా తోస్తుంది, తుది మాట మాత్రం ముఫ్తీలది. మరి దీని మీద ఇంకో 5,000 వీపీఎఫ్ (తన ఇష్టంతో అదనంగా కట్టే పీఎఫ్) కోయించుకుంటే? ఏ కంపెనీ బలవంతం చేయలేదు, 8.25 శాతం ఎక్కడ వస్తుంది ఈ రోజుల్లో అని లెక్కేసుకుని తానే హెచ్‌ఆర్‌కు మెయిల్ పెట్టాడు. అది ఎటు చూసినా ఇఖ్తియారీ, దాని మీద వచ్చేదానికి ముఫ్తీ షఫీ గారి పేరు అడ్డం పెట్టుకోవడం కుదరదు.

అంటే ఒకే మనిషి, ఒకే నెల, ఒకే పే స్లిప్, అందులోనే మూడు రకాల తీర్పులు. రెండు వాక్యాల జవాబులో ఇవి పడతాయా చెప్పండి.

ఇంకో చిక్కు ఉంది. మొదటిసారి ఉద్యోగంలో చేరేవాడి బేసిక్, డీఏ కలిపి 15,000 దాటి ఉంటే, అతనికి అంతకుముందు పీఎఫ్ ఖాతా లేకపోతే, ఫారం 11 రాసి పీఎఫ్‌లో అసలు చేరకుండా ఉండే వీలుంది. ఈ సంగతి చాలామందికి ఎవరూ చెప్పరు, హెచ్‌ఆర్ వాళ్లు ఆ ఫారంలో గడులన్నీ ముందే నింపి సంతకం పెట్టమంటారు. ఒకసారి సభ్యుడయ్యాక మాత్రం, జీతం ఎంత పెరిగినా, ఉద్యోగం మారినా, బయటికి రావడం కుదరదు. మీ జవాబు చదివి మా బంధువుల కుర్రాడొకడు హెచ్‌ఆర్‌కు పోయి "నా పీఎఫ్ ఆపేయండి" అంటే "యూఏఎన్ (పీఎఫ్ సభ్యత్వ నంబరు) ఉంది కదా, ఆపడం కుదరదు" అన్నారట. వాడు ఉద్యోగం మానేస్తానని కూర్చున్నాడు. నాకు ఫోన్ చేసింది వాడి అమ్మ.

ఇప్పుడు వేరే అభిప్రాయం. దీన్ని దాచడం నాకు ఇష్టం లేదు, ఎందుకంటే అదీ బలమైనదే. అహ్లె హదీస్ అనే మరో శాఖ ఆలిమ్‌లలో చాలామంది, అరబ్ దేశాల ఆలిమ్‌లలో చాలామంది ఈ జబ్రీ, ఇఖ్తియారీ తేడాను వడ్డీకి వర్తింపజేయరు. వాళ్ల మాట ఇది: బలవంతం వల్ల నువ్వు ఆ స్కీంలో ఉన్న పాపం నీకు అంటదు, కానీ డబ్బు మీద డబ్బు పెరిగితే అది రిబానే (వడ్డీయే), నీ అసలు సొమ్ము తీసుకో, పైది పేదలకు ఇచ్చేయ్. ఈపీఎఫ్ (ప్రైవేటు ఉద్యోగుల పీఎఫ్) విషయంలో వాళ్లకు ఒక మంచి పాయింట్ కూడా ఉంది. ముఫ్తీ షఫీ గారి వాదన నిలబడింది యజమాని దగ్గరే డబ్బు ఉండి, యజమానే ఎక్కువ కలిపి ఇచ్చే లెక్క మీద. ప్రభుత్వ ఉద్యోగి జీపీఎఫ్‌లో ఇది అక్షరాలా నిజం, కోసేదీ ప్రభుత్వమే, కలిపేదీ ప్రభుత్వమే. ప్రైవేటు ఉద్యోగి డబ్బును మాత్రం యజమాని తన దగ్గర ఉంచుకోడు, మరుసటి నెల పదిహేనో తేదీలోపు పీఎఫ్ నడిపే కేంద్ర సంస్థ ఈపీఎఫ్‌వోకు కట్టేస్తాడు. ఆ సంస్థ దాన్ని ఎక్కువగా ప్రభుత్వ బాండ్లలో పెడుతుంది, 2015 నుంచి కొంత షేర్ మార్కెట్ ఈటీఎఫ్‌లలో కూడా పెడుతోంది. అప్పుడు వడ్డీ ఇచ్చేది యజమాని ఎలా అవుతాడు అన్నది ప్రశ్న. ఉద్యోగి ఈపీఎఫ్‌వోను తన ఏజెంటుగా పెట్టుకోలేదు, అడగలేదు, ఎంచుకోలేదు, కాబట్టి ఇప్పటికీ అది అతని చేతికి రాని డబ్బే అన్నది హనఫీ ముఫ్తీల వైపు జవాబు. నాకు ఈ జవాబే సరైనదనిపిస్తుంది, అయినా అనుమానం మిగిలిన మనిషి ఆ వడ్డీ తీసి ఇచ్చేస్తే అతన్ని చాదస్తుడని ఎవరూ అనకూడదు. అనుమానం పెట్టేదాన్ని వదిలి అనుమానం లేనిదాన్ని పట్టుకో అన్న హదీసు ఉండనే ఉంది.

మూడో వైపు కూడా ఉంది, అదీ చెప్పేస్తా. ఈజిప్టులో పేరున్న పండితుడు షేక్ తంతావీ గారు, 2002లో అల్ అజ్హర్ పరిశోధన మండలి, బ్యాంకు ముందే చెప్పి ఇచ్చే లాభం కూడా తీసుకోవచ్చన్నాయి. దాన్ని ప్రపంచంలో ఎక్కువమంది ఆలిమ్‌లు ఒప్పుకోలేదు, 1985లోనే జెద్దాలోని ఇస్లామిక్ ఫిఖ్ అకాడమీ బ్యాంకు వడ్డీ రిబా కిందికే వస్తుందని తీర్మానించింది. తంతావీ గారి పేరు చెప్పి వీపీఎఫ్ పెంచుకునేవాళ్లను నేను చూశాను. వాళ్లు ఈ ఒక్క మాటకే ఈజిప్టు దాకా పోతారు, మిగతా విషయాల్లో వాళ్లకు మన ఊరి హజ్రత్ (మసీదు గురువు) చాలు.

అసలు మన ప్రభుత్వ నిబంధనల్లోనే ఈ విషయం ఉందని చాలామందికి తెలియదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగుల 1960 నాటి జీపీఎఫ్ రూల్స్‌లో 11వ రూల్ చూడండి. ముస్లిం చందాదారు తనకు వడ్డీ వద్దని అకౌంట్స్ ఆఫీసర్‌కు తెలియజేస్తే అతని ఖాతాలో వడ్డీ జమ చేయకూడదు, తర్వాత ఎప్పుడైనా కావాలని అడిగితే అడిగిన సంవత్సరం మొదటి రోజు నుంచి జమ చేయాలి అని అందులో ఉంది. ఈపీఎఫ్ 1952 స్కీం 60వ పేరాలో కూడా, అక్కడ మతం పేరు లేకుండా, సభ్యుడు వడ్డీ వద్దని కమిషనర్‌కు రాతపూర్వకంగా ఇస్తే జమ చేయరాదని ఉంది. రాష్ట్ర ఉద్యోగులు తమ జీపీఎఫ్ నిబంధనల్లో ఏముందో డీడీవోను (జీతాల బిల్లు పెట్టే అధికారిని) అడిగి చూసుకోవాలి.

అయితే ఈ నిబంధన వాడుకోవాలా? ఇక్కడ నా అభిప్రాయం ఒకటి చెప్తా, ఒప్పుకోకపోతే ఒప్పుకోకండి. మన దేశంలో ఎక్కువమంది ముఫ్తీలు బ్యాంకు వడ్డీ గురించి చెప్పేది, దాన్ని బ్యాంకులోనే వదిలేయకు, తీసి బీదలకు ఇచ్చేయ్, పుణ్యం వస్తుందన్న నియ్యత్ (ఉద్దేశం) పెట్టుకోకు అని. వదిలేస్తే అది వాళ్ల దగ్గరే ఉండి ఇంకో అప్పుకు పెట్టుబడి అవుతుంది. పీఎఫ్‌లో కూడా అదే మేలు అనుకుంటా. వడ్డీ వద్దని ఉత్తరం రాసిచ్చి నిశ్చింతగా కూర్చోవడం కంటే, తీసి మన వీధిలో డయాలసిస్ చేయించుకుంటున్న మనిషికి ఇవ్వడం నయం కదా. అతను ముస్లిమా కాదా అని కూడా చూడక్కర్లేదు. అది జకాత్ కింద మాత్రం లెక్క రాదు, ఈ రెంటినీ కలిపేసే మనుషులున్నారు. సర్కారు నుంచి వచ్చిన వడ్డీని సర్కారుకే ఇన్‌కం ట్యాక్స్ కింద కట్టొచ్చని కొందరు ముఫ్తీలు అన్నారు, అది కూడా అడిగి తెలుసుకోవచ్చు.

ఇచ్చేద్దామనుకున్నవాళ్లకు లెక్క ఎలా తీయాలో కూడా చెప్పాలి, లేకపోతే మాటలే మిగులుతాయి. ఈపీఎఫ్ పాస్‌బుక్‌లో మన వాటా, యాజమాన్యం వాటా, పెన్షన్ విడివిడి కాలమ్‌లలో ఉంటాయి, వడ్డీ ఏడాదికోసారి విడిగా ఒక వరుసలో పడుతుంది. పూర్తి వడ్డీ ఇచ్చేయాలనుకునేవాడికి అది కూడితే చాలు. వీపీఎఫ్ వడ్డీ మాత్రమే ఇచ్చేయాలనుకునేవాడికి కాస్త పని, ఎందుకంటే వీపీఎఫ్ మన వాటా కాలమ్‌లోనే కలిసిపోతుంది, పాస్‌బుక్ చూస్తే ఏది ఏదో తెలియదు. కాబట్టి పే స్లిప్‌లు పారేయకండి. మన వాటాలో వీపీఎఫ్ ఎంత భాగమో లెక్కేసి, మన వాటా మీద పడిన వడ్డీలో అదే భాగం పక్కన పెట్టాలి. వడ్డీ రేటు ప్రతి ఏడాదీ ఈపీఎఫ్‌వో ట్రస్టీల బోర్డు సిఫార్సు చేస్తుంది, 2021–22కి 8.1, 2022–23కి 8.15, ఆ తర్వాత రెండేళ్లూ 8.25. ఏడాదికి మన వాటా రెండున్నర లక్షలు దాటితే ఆ దాటినదాని వడ్డీ మీద 2021 ఏప్రిల్ నుంచి ట్యాక్స్ కూడా ఉంది, ఇది మతంతో పని లేకుండా అందరికీ.

సీపీఎస్ (కాంట్రిబ్యూటరీ పెన్షన్ స్కీం) వాళ్ల సంగతి వేరు. 2004 సెప్టెంబరు తర్వాత చేరిన రాష్ట్ర ఉద్యోగులకు, టీచర్లకు జీపీఎఫ్, పాత పెన్షన్ లేవు, జీతంలో పది శాతం కోసి పెన్షన్ ఫండ్ కంపెనీల్లో పెడతారు. అక్కడ ఇంత వడ్డీ అని ఎవరూ చెప్పరు, యూనిట్ ధర పెరిగితే పెరిగినట్టు, తగ్గితే తగ్గినట్టు. అందులో బాండ్లూ ఉంటాయి, బ్యాంకు షేర్లూ ఉంటాయి. రిటైరయ్యాక కనీసం 40 శాతంతో ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర నెలవారీ పెన్షన్ కొనాలి, అదింకో ప్రశ్న. పాత జీపీఎఫ్ ఫత్వాను తెచ్చి దీనికి అతికించకూడదు. సీపీఎస్ రద్దు కోసం టీచర్లు ఇన్నేళ్లు రోడ్డెక్కిన రాష్ట్రం మనది, కనీసం ముస్లిం టీచర్ల కోసమైనా దీని మీద విడిగా ఒక ఫత్వా తెలుగులో రావాలి.

జకాత్ గురించి ఒక్క మాట. తప్పనిసరి పీఎఫ్ మీద హనఫీ పద్ధతిలో ఏటా జకాత్ లేదు, చేతికి అందినప్పటి నుంచే లెక్క, గడిచిన ఏళ్లకు కట్టనక్కర్లేదు. ఇతర మజ్‌హబ్‌ల (ధర్మశాస్త్ర శాఖల) వాళ్లు తమ పెద్దలను అడగాలి.

దూరంగా ఉండండి అన్న మాట వల్ల జరిగేది ఏమిటో కూడా చూడండి. మాటను బట్టి పోయేవాడు ఉద్యోగం మారినప్పుడల్లా పీఎఫ్ ఎత్తేస్తాడు. ఐదేళ్ల సర్వీసు కాకముందే తీస్తే ట్యాక్స్ పడుతుంది. పెన్షన్ డబ్బు కూడా తీసేస్తే సర్వీసు తెగిపోతుంది, పదేళ్లు పూర్తి కాకపోతే నెల పెన్షన్ రాదు. ఉద్యోగంలో ఉండగా చనిపోతే కుటుంబానికి ఈడీఎల్ఐ అనే బీమా కింద గరిష్ఠంగా ఏడు లక్షల వరకు వస్తుంది, దానికి ఉద్యోగి జీతంలోంచి ఒక్క పైసా కోయరు, పీఎఫ్‌లో లేనివాడి భార్యకు అదీ రాదు. ఎత్తిన డబ్బు ఎలాగూ నిలవదు. ఆ తర్వాత కూతురి పెళ్లి వస్తుంది. పీఎఫ్ ఉంటే పెళ్లికి, వైద్యానికి తన డబ్బే అడ్వాన్స్‌గా తీసుకునేవాడు, దాని మీద ఎవరికీ వడ్డీ కట్టక్కర్లేదు. అది లేక మూడు రూపాయల వడ్డీకో ఐదు రూపాయల వడ్డీకో తెస్తాడు. 2015లో విజయవాడలో కాల్ మనీ వాళ్ల ఆగడాలు బయటపడినప్పుడు మన పేపర్లన్నీ రాశాయి, మర్చిపోయి ఉండరు. అనుమానమున్న వడ్డీ తీసుకోవడానికి భయపడి, ఏ అనుమానమూ లేని వడ్డీ ఏళ్ల తరబడి కడతాడు. పైన చెప్పిన హదీసులో ఇచ్చేవాడు కూడా ఉన్నాడు. మూడో సూరా 130వ ఆయత్‌లో రెట్టింపుల మీద రెట్టింపులు అని చెప్పిన వడ్డీ మా ఊళ్లో రోజూ కళ్ల ముందు నడుస్తోంది, దాని గురించి శుక్రవారం పేజీలో ఎప్పుడూ ప్రశ్న రాదు ఎందుకో.

మలేషియాలో ఏం చేశారో చూడండి. అక్కడి ఈపీఎఫ్ 2017 నుంచి షరియత్ ప్రకారం పెట్టుబడి పెట్టే ఖాతా విడిగా ఇస్తోంది. ఇష్టమున్నవాళ్లు దానికి మారొచ్చు, మారాక మళ్లీ వెనక్కి రావడం ఉండదు, మామూలు ఖాతాకు ఉండే కనీస లాభం గ్యారంటీ దీనికి లేదు. గ్యారంటీ లేకపోవడమే అందులో షరియత్ కోరేది. మన దగ్గర 2008లో రఘురామ్ రాజన్ కమిటీ వడ్డీ లేని బ్యాంకింగ్‌ను పరిశీలించమంది, 2017లో రిజర్వ్ బ్యాంకు ఆ ఆలోచన పక్కన పెట్టింది. కాబట్టి పీఎఫ్‌లో అలాంటిది రేపే వస్తుందని నేను ఆశ పెట్టను. టాటా ఎథికల్ లాంటి షరియత్ ప్రకారం నడిచే మ్యూచువల్ ఫండ్లు మాత్రం ఇక్కడే ఉన్నాయి. వీపీఎఫ్‌కు పోయే ఐదు వేలు ఎక్కడ పెట్టాలి అని అడిగేవాళ్లు అటు చూడొచ్చు, నష్టం కూడా రావొచ్చని తెలుసుకుని.

చివరగా మీ పేపరు ఎందుకు పట్టించుకోవాలో చెప్తాను. పైన నేను చెప్పిన ఫత్వాలు దాదాపు అన్నీ ఉర్దూలో ఉన్నాయి. హైదరాబాద్ పాతబస్తీ వాళ్లకు అది ఇబ్బంది కాదు. కోస్తాలో, మా సీమలో, తెలంగాణ పల్లెల్లో ఇంట్లో తెలుగే మాట్లాడే ముస్లిములు, దూదేకుల వాళ్లు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. వాళ్లకు ఉర్దూ ఫత్వా చదవడం రాదు, ఇంగ్లిష్ పీఎఫ్ రూల్స్ అర్థం కావు. ఉన్నదల్లా మీ శుక్రవారం పేజీ, లేదా యూట్యూబ్‌లో గొంతు చించుకునే మనిషి.

కాబట్టి ఈ ప్రశ్నను మళ్లీ తీసుకోండి. ఒక పేజీ మొత్తం ఇవ్వండి. హనఫీ ముఫ్తీ ఒకరిని, అహ్లె హదీస్ ఆలిమ్ ఒకరిని, పీఎఫ్ ఆఫీసు సంగతులు తెలిసిన మనిషి ఒకరిని కూర్చోబెట్టండి, ఎవరి జవాబు ఎవరిదో పేరుతో వేయండి. నా దగ్గర పాత పే స్లిప్‌ల నమూనాలు ఉన్నాయి, పేర్లు కొట్టేసి పంపగలను. జీపీఎఫ్ 11వ రూల్, ఈపీఎఫ్ 60వ పేరా తెలుగులో పూర్తిగా అచ్చు వేస్తే ఇంకా మంచిది. ఆ కుర్రాడు రాజీనామా లెటర్ ఇంకా ఇవ్వలేదు, వచ్చే శుక్రవారం దాకా ఆగమని వాళ్ల అమ్మకు చెప్పాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ అకౌంట్స్ ఉద్యోగి,
ఆదోని